అంపు అన్న మాట

పోయిన వారం గంగులమ్మను చేతిలో జామకొమ్మతో వాకిట్లో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ మనిషి ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ఈ కథలోకి ఇవాళే అడుగు పెట్టినవాళ్ళకు జరిగింది చెప్పాలి, తక్కినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఏర్పేడులో రైలు గేటు దాటాక రేకులు కప్పిన రెండు గదుల ఇల్లు గంగులమ్మది. ఆమె పెనిమిటి కుప్పయ్య పదేళ్ళ కిందట మలేషియాలో పామాయిలు గెలలు కోసే పనికి పోయాడు. ఆరేళ్ళ కిందట సెలవు మీద వచ్చి, తిరిగి పోతూ కొడుకు మునికుమార్‌ను కూడా వెంట తీసుకుపోయాడు. మునికుమార్ అప్పటికే ట్రాక్టరు తోలడంలో ఊళ్ళో పేరున్నవాడు. పోయిన నాలుగు నెలలకే జ్వరమని చెప్పి వాడు తిరిగొచ్చేశాడు, తండ్రి మాత్రం రాలేదు. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఫోను కూడా లేదు. మళ్ళీ ఫోను మొదలయ్యాక, ఆయన మాట్లాడుతుంటే వెనక ఎవరో ఆడమనిషి గొంతు వినపడేది. ‘సుమీరా’ అని ఆయన ఎవరినో పిలవడం కూడా ఒకసారి గంగులమ్మ చెవిన పడింది. ఇంకేం కావాలి? మిగతాదంతా ఆమె తనే అల్లుకుంది. ఆరేళ్ళు కూర్చుని అల్లుకుంది.

రెండు నెలల కిందట కుప్పయ్య చెన్నైలో చక్రాల కుర్చీలో దిగాడు. కుడిపక్క పడిపోయింది, మూతి వంకర పోయింది, మాట పోయింది. పోగా మిగిలినవి రెండే మాటలు. ఒకటి ‘జాము’. రెండోది ‘అంపు’.

జాము అంటే జామకాయ అనుకుంది గంగులమ్మ. పండు మెదిపి పెట్టింది, ఆకు కాచి పోసింది. ఆయన ఉమ్మేశాడు. రెండో మాటకు అర్థం ఆమె ఎవరినీ అడగనక్కర్లేదు. మన సీమలో చంటిపిల్లలకు కూడా తెలిసిన మాట అది. అంపు అంటే పంపించు. ఎక్కడికి పంపించాలో కూడా ఆమెకు తెలుసు, సుమీరా దగ్గరికి.

రోజూ పొద్దున గంజి గిన్నెతో పక్కన కూర్చోగానే ఆయన ఆమె కళ్ళలోకి చూసి “అంపు” అనేవాడు. “అంపను” అనేది ఆమె. యాభై రోజులు అదే మాట, అదే జవాబు. నాలుగు రోజుల కిందట ఆమెకు ఒళ్ళు మండిపోయి, “సచ్చినా అంపను. ఈడ్నే, ఈ మంచం మీదనే సావు” అనేసింది. ఆ పూట నుంచి కుప్పయ్య నోరు తెరవలేదు. మాటకూ తెరవలేదు, మెతుక్కూ తెరవలేదు. తిరుపతి నుంచి పిలిపించిన డాక్టరు, “మింగలేక కాదమ్మా, మింగనంటున్నాడు. ఇంకో రెండు రోజులు ఇట్లాగే ఉంటే ఇక మనం చేసేదేం ఉండదు” అని చెప్పి పోయాడు.

ఆ నాలుగో రోజు పొద్దున్నే కార్వేటినగరం నుంచి బస్సులు మారుకుంటూ రాజారత్నం వచ్చాడు. ఆ తోటల్లో కుప్పయ్యతో ఒకే గదిలో తొమ్మిదేళ్ళు ఉన్నవాడు, పోయిన నెలే ఊరికి తిరిగొచ్చాడు. మంచంలో ఉన్న మనిషిని చూసి ఏడ్చాడు. బయటికొచ్చి కళ్ళు తుడుచుకుని, “అక్కా, అన్నకు జాము ఎవరు కాచి ఇస్తా ఉండారు?” అని అడిగాడు. గంగులమ్మ చేతిలో కొమ్మ చూపించింది. అక్కడ ఆపాం.

రాజారత్నం ఆ కొమ్మను చూసి ముందు నవ్వబోయాడు. ఆమె మొహం చూసి మానుకున్నాడు.

“ఇది గాదక్కా. జాము అంటే కాయా గాదు, ఆకూ గాదు. ఆ దేశంలో నాటుమందుకు ఆ పేరు. మందనుకో, కషాయమనుకో, దినామూ పొద్దున్నే తాగే నీళ్ళనుకో. జావా వాళ్ళది. మలాయ్ వాళ్ళూ తాగుతారు, ఆడుండే మన అరవోళ్ళూ తాగుతారు. నేనూ తాగినా.”

గంగులమ్మ కొమ్మను అరుగు మీద పడేసింది. రెండు నెలలుగా పక్కింటివాళ్ళ చెట్టు దూస్తూ ఉంది. ఆయన ఉమ్మేసిన ప్రతిసారీ, తన చేతి మీద అసహ్యం కొద్దీ ఉమ్మేశాడనుకుంది. మూడోసారి ఉమ్మేసినప్పుడు ఆమె ఆయన చెంప మీద కొట్టింది కూడా. ఆ సంగతి ఇప్పటిదాకా మీకు చెప్పలేదు, చెప్పబుద్ధి కాలేదు.

“దాన్ని కాచి ఇచ్చేది సుమీరానా?” అని అడిగింది.

ఆ పేరు ఆమె నోట వింటూనే రాజారత్నం మొహం వెలిగింది. “సుమీరా ఎంబోక్! నీకు సెప్పినాడా అన్న?”

“నాకెందుకు సెప్తాడు? నువ్వు సెప్పు. ఎంత వయసుంటుంది దానికి? అందంగా ఉంటుందా?”

రాజారత్నానికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టూలు మీద కూలబడ్డాడు.

“అక్కా, ఆ యమ్మకు డెబ్భై పైన ఉంటాయి. పండ్లు లేవు. ఎంబోక్ అంటే వాళ్ళ జావా మాటలో అమ్మ మాదిరి.”

గంగులమ్మ నమ్మలేదు. నమ్మడం అంత తేలికా? ఆరేళ్ళుగా ఆమె తిట్టుకున్నది ఎర్రగా బుర్రగా ఉండే పాతికేళ్ళ పిల్లను. ఆ పిల్లకు ఒక చీర రంగు, ఒక నవ్వు, ఒక నడక కూడా ఇచ్చుకుంది. నిలబడిన చోటునే ఆ పిల్ల పండ్లు రాలిపోయి ముసలిదైపోతే ఎట్లా ఒప్పుకుంటుంది?

“నాకు మాటలు సెప్పొద్దబ్బా. వచ్చిన మర్నాడు నీళ్ళు పోస్తా నా కండ్లతో సూసినా. ఈపంతా ఎర్రగా గీతలు. ఎన్నెముక కాడి నుంచి రెండు పక్కలా ఆడదాని గోళ్ళు పడినట్ల.”

రాజారత్నం జేబులోంచి ఒక రూపాయి బిళ్ళ తీశాడు. అరుగు మీది నూనె సీసాలోంచి రెండు చుక్కలు ముంజేతి మీద వేసుకుని, బిళ్ళ అంచుతో పైనుంచి కిందికి గట్టిగా గీరాడు. నాలుగైదు సార్లు గీరేసరికి చర్మం మీద ఎర్రగా చార తేలింది. ఆ చేతిని ఆమె ముందు పెట్టాడు.

“ఇట్లాటివేనా?”

అట్లాంటివే. రంగు కూడా అదే.

“ఒళ్ళు నొప్పులైనా, జొరం తగిలినా, ‘గాలి దూరింది’ అంటారు వాళ్ళు. ఈపుకు నూనె రాసి బిళ్ళతో గీరి ఆ గాలిని బయటికి తీస్తారు. అన్న ఇమానం ఎక్కే ముందుదినం ఆ ముసలామె మా గదికొచ్చి, అన్నను బోర్లా పండబెట్టి, ఏడస్తా గీరింది. దూరం పోతా ఉండాడు, దోవలో గాలి పట్టుకుంటుందని.”

గంగులమ్మ ఆ చార మీద వేలు పెట్టి చూసింది. కొంచెం వేడిగా ఉంది. వచ్చిన మర్నాడు ఆ గీతల మీద ఆమె కావాలనే సలసల కాగే నీళ్ళు పోసింది. ఆయన మూలిగాడు. మూలగనీ అనుకుంది.

“ఇంకొకటి సెప్పు” అంది. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. “మొదటి వారంలో పక్కన కూసోని సరస్వతాకు ఏరతా ఉంటే, పచ్చాకు పిడికెడు తీసి నోట్లో పెట్టుకున్నాడు. గొడ్డు మాదిరి ఇదేందని నోట్లో ఏలు పెట్టి లాగేసినా.”

“అన్నంలోకి పచ్చాకులు నంజుకోని తింటారక్కా ఆడ. మలాయ్ వాళ్ళ ఇండ్లల్లో పళ్ళెం నిండా పెడతారు, కారం అద్దుకోని తింటారు. సరస్వతాకు అన్నకు శానా ఇష్టం.”

రాజారత్నమే చెప్పుకుంటూ పోయాడు. చీకటితోనే లేచి ఆ ముసలామె రోట్లో నూరేదట. వెదురు బుట్టలో ఏడెనిమిది సీసాలు సర్ది, పొడుగాటి గుడ్డతో బుట్టను వీపుకు కట్టుకుని, తోట పనివాళ్ళ లైనిళ్ళ ముందుకొచ్చి కూర్చునేదట. ఎవరికి ఏ సీసా పోయాలో మొహం చూసి చెప్పేదట. ఆడవాళ్ళకు పసుపూ చింతపండూ తాటిబెల్లమూ కలిపినది. బరువులు మోసి అలసినవాళ్ళకు బియ్యమూ కచ్చోరమూ నూరినది. బాలింతలుంటే నలభై నాలుగు రోజులు వాళ్ళ ఇంటికే పోయి, వేడి రాయిని గుడ్డలో చుట్టి కడుపుకు కాపడం పెట్టి, పథ్యం చెప్పి వచ్చేదట. అందరికీ ముందు పోసేది మాత్రం చేదు. అది తాగాకే తీపి.

“సేదు తాగినోణ్ణి తీపి ఇయ్యకుండా అంపగూడదు అనేది. అది ఆమె పెట్టుకున్న కట్టుబాటు.”

“ఇంత మంచి ముసలామె అయితే మీ అన్న దాచాల్సిన పనేముండాది?” అంది గంగులమ్మ. “ఆరేండ్లు ఇంటికి రాకుండా ఆయమ్మ కాడ ఏం పని?”

రాజారత్నం లోపలి గదివైపు చూశాడు. కుప్పయ్య మంచం అక్కణ్ణుంచి కనపడుతుంది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు.

“నీకు సెప్పొద్దని నాచేత ఒట్టు ఏయించుకున్నాడు. అయినా ఈ స్థితిలో ఇంక దాచలేను. ఆయమ్మకు ఒగడే కొడుకు. యోనో. మన ముని వయసోడే. సీసాల బుట్ట సైకిల్ మీద పెట్టుకోని తల్లి ఎనకాలే వచ్చేవాడు. ఆరేండ్ల ముందు, వానాకాలంలో, గెలలు నింపుకున్న ట్రాక్టరు మిట్ట దిగతా బురదలో జారింది. సైకిల్ మీద వస్తా ఉండిన యోనో దాని కింద పడినాడు. ఆడికాడికే పోయినాడు.” ముంజేతి మీది చారను రుద్దుకున్నాడు. “ట్రాక్టరు తోలింది అన్నే.”

గంగులమ్మ తలుపు చట్రం పట్టుకుంది.

“ఎనిమిది నెలలు లోపల పెట్టినారు. ఫోను లేందే అందుకే. ఆ ముసలామే పోయి, నాకు ఎవరి మీదా పగ లేదు, ఇడ్సండి అని ఏలిముద్ర ఏస్తే ఇడ్సినారు. బయటికొచ్చిన దినమే అన్న పోయి ఆయమ్మ వాకిట్లో కూసున్నాడు. మొదటి దినం ఆయమ్మ తలుపు తియ్యలేదు. రెండో దినం మంచినీళ్ళు పెట్టి లోపలికి పోయింది. మూడో దినం సేదు తెచ్చి ముందర పెట్టింది. తాగినాడు. అప్పుడు తీపి పోసింది. మర్నాటి నుంచి కొడుకు మోసే బుట్టను అన్న మోసినాడు. పనికి పోయే ముందర ప్రతి పొద్దూ ఆయమ్మ ఎనకాల తిరిగి, సీసాలు కడిగి పెట్టి పోయేవాడు. ఊరికి పోదాం రాన్నా అంటే, ఈ యమ్మకు ఎవరుండారప్పా అనేవాడు.”

వాకిట్లో ఎండ పొడ అరుగు దాకా వచ్చింది. గంగులమ్మకు ఏడుపు రాలేదు. ఒక చిన్న సంగతి మాత్రం ఆమె మనసులో గుచ్చుకుంది.

“మీ అన్నకు మోపెడ్ కూడా తోలే దానికి రాదే. ట్రాక్టరెట్ల తోలినాడు?”

“నేనప్పుడు వేరే పక్క కోత కోస్తా ఉండినా. అరుపులు ఇని పోయేలకు అన్న సీట్లో కూసోనుండాడు. సేతులు స్టీరింగ్ మీదనే ఉండాయి. దించితే దిగలేదు. నేనే తోలినా, నేనే తోలినా అని అదే మాట.”

ఆమె ఇంకేదో అడగబోయి ఊరుకుంది. చావుబతుకుల్లో ఉన్న మనిషి ముందు ట్రాక్టరు సంగతి ఎందుకనుకుంది. కొంగు దోపుకుని లేచింది.

“అదెట్ల కాస్తారో సెప్పు. ఏమేం కావల్ల?”

ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలిగిన తీరు చూస్తే, నాలుగు రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదంటే నమ్మరు. నేలవేము దొడ్లోనే ఉంది, జ్వరాలకని గంగులమ్మ ఎప్పుడూ ఉంచుతుంది. తిప్పతీగ కంచె మీద పాకి ఉంది. ఈ రెండూ కాస్తే ఆ ముసలామె చేదు తయారవుతుందని తెలిసి గంగులమ్మ ఆశ్చర్యపోయింది. అవే ఆకులు. అంత దూరం పోయి ఆయన తాగింది తన దొడ్లో మందేనా? తీపికి కచ్చోరం కావాలన్నాడు రాజారత్నం. సున్నిపిండిలో వేసేదాన్ని ఎవరైనా తాగుతారా అని ఆమె రెండుసార్లు అడిగింది. సున్నిపిండి కోసం తెచ్చిన పొట్లంలో నాలుగు ముక్కలు మిగిలి ఉన్నాయి. వాటిని కడిగి, నానబెట్టిన బియ్యంతో, అల్లం ముక్కతో కలిపి రుబ్బి, తాటిబెల్లం పాకంలో పిండింది. పెళ్ళినాడు స్నానాలగదిలో వచ్చే వాసన వంటగదిలో వచ్చింది.

చేదు సగానికి మరిగేదాకా పొయ్యి దగ్గరే కూర్చుంది. రాజారత్నం గడప మీద కూర్చున్నాడు.

“జాము కాకుండా ఇంకేమన్నా అంటా ఉండినాడా అక్కా?”

“ఇంకొకటే. అంపు, అంపు అని. నేను తప్పుగా అనుకుంటి. ఆ ముసలామె కాడికి అంపమని అడిగినాడు కాబోలు. దిక్కులేని మనిషని జాలి.”

ఆమె తలతిప్పి చూసింది. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకుని ఉన్నాడు.

“ఏందబ్బా?”

“అంపు కాదక్కా. అంపున్. సివర్లో ‘న్’ ఉంటుంది. మూతి వంకర పోయింది గదా, పలికుండదు. అది మన మాట గాదు. మలాయ్ మాట.”

“అంటే?”

“మన్నించు అని.”

పొయ్యి మీద చేదు పొంగి మంట మీద పడింది. గంగులమ్మ దించలేదు.

మన్నించు. గంజి గిన్నెతో పక్కన కూర్చోగానే, కళ్ళలోకి చూసి, మన్నించు. యాభై రోజులు. మన్నించను, మన్నించను అని యాభై రోజులు తను జవాబు చెప్పింది. ‘అంపను’ అన్నది ఆయనకు తెలుగులోనే అర్థమైందో, ఆ దేశం మాటలోనే అర్థమైందో, ఎట్లా అర్థమైనా అది కాదనడమే. చివరికి, చచ్చినా మన్నించనని, ఈ మంచం మీదనే చావమని చెప్పింది. ఆయన సరేనని నోరు మూసుకున్నాడు. ఎప్పుడూ ఆమె మాట కాదననివాడు, దీన్ని మాత్రం ఎందుకు కాదంటాడు?

అప్పుడు ఏడ్చింది గంగులమ్మ. తల నేలకు కొట్టుకుని ఏడ్చింది. ఆరేళ్ళుగా ఏడవనిదంతా ఏడ్చింది. రాజారత్నం పొయ్యి మీద గిన్నె దించి, ఏం చెయ్యాలో తెలియక, గ్లాసుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

“ఎవురూ ఒక మాట సెప్పలేదే నాకు!” అంది కాసేపటికి. “ఎవురికి తెలుస్తుంది ఆ బాస, ఈ ఊర్లో?”

“మునికి తెలుసు గదక్కా” అన్నాడు రాజారత్నం అనాలోచితంగా. “నాలుగు నెల్లు ఉండినాడు. ఆ మాట దినామూ ఇనేదే, ఆలస్యమైతే మేస్త్రీకి సెప్పేదీ అదే. జాము కూడా తాగినాడు మాతోపాటే.”

గంగులమ్మ ఏడుపు ఆగిపోయింది.

మునికుమార్ పొద్దున షిఫ్టు ముగించుకుని వచ్చేది ఆ వేళకే. ఊరి బయట పెద్ద చదువుల క్యాంపసు హాస్టల్లో వాడు కూరగాయలు తరిగే పని చేస్తున్నాడు. ట్రాక్టరు తోలితే వచ్చే పేరు వదులుకుని, వచ్చిన నాటి నుంచి స్టీరింగు ముట్టకుండా, కత్తిపీట ముందు కూర్చుంటాడు. ఎందుకురా అంటే నడుము నొప్పి అంటాడు. తండ్రి వచ్చాక ఆ గదిలోకి మోసుకొచ్చి పడుకోబెట్టడం ఒక్కటే చేశాడు. ఆ తర్వాత గడప దాటి లోపలికి పోలేదు. కొడుకుకు ఆయన మీద కోపమని, తన పక్షాన కోపగించుకున్నాడని గంగులమ్మ ఇన్నాళ్ళూ లోలోపల సంతోషపడింది.

వాడు సైకిలు గోడకు ఆనించి, రాజారత్నాన్ని చూసి అక్కడే ఆగిపోయాడు.

“అంపున్ అంటే ఏందిరా?” అంది తల్లి.

వాడి చూపు లోపలి గదివైపు పోయింది.

“యాభై దినాలు నీ ముందరే గదరా నేను అంపను అంపను అంటి. నీకు తెల్సు గదా. ఎందుకు సెప్పలేదు?”

“మా...” అన్నాడు. అంతే.

వాడిని నిలదీయడానికి ఇప్పుడు సమయం లేదు. గంగులమ్మ చల్లారిన చేదును ఒక గ్లాసులో, తీపిని ఇంకో గ్లాసులో పోసుకుని లోపలికి నడిచింది. గడప దగ్గర ఆగి రాజారత్నాన్ని అడిగింది.

“ఆ ముసలామె ఆయనకు ఏమని జవాబు సెప్పేది?”

“సుదా అనేది. అయిపోయింది, ఇంక చాలు అని.”

మంచం మీద కుప్పయ్య గోడవైపు తిరిగి ఉన్నాడు. దవడలు పీక్కుపోయాయి. గంగులమ్మ ఆయన్ను తన భుజానికి ఆనించుకుని లేపింది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆయన్ను అంత దగ్గరగా పట్టుకున్న గుర్తు ఆమెకు లేదు. చెవి దగ్గర నోరు పెట్టి, ఆ మాట తప్పు పలుకుతానేమో అని భయపడుతూ, చెప్పింది.

“సుదా.”

కుప్పయ్య కళ్ళు తెరిచాడు.

“సుదా అంటా ఉండానయ్యా. అయిపోయింది. నాకేం కోపం లేదు. రొంత తాగు.”

చెంచా పెదవులకు తగిలింది. చేదు వాసన ముక్కుకు సోకింది. నాలుగు రోజులుగా బిగుసుకున్న పెదవులు మెల్లగా విడిపోయాయి. మొదటి చెంచా సగం గడ్డం మీదికి కారింది. రెండోది మింగాడు. గొంతు కదలడం ఆమెకు కనపడింది. మూడోది, నాలుగోది. అంత చేదుకు మొహం కూడా చిట్లించలేదు. అర గ్లాసు పోయాక ఆమె తీపి గ్లాసు అందుకుంది. కచ్చోరం వాసనకు ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. అది కూడా తాగాడు, అడుగు దాకా తాగాడు. గంగులమ్మ కొంగుతో ఆయన గడ్డం తుడిచింది. బతుకుతాడని ఆమెకు ఆ నిమిషంలో నిజంగానే అనిపించింది.

“అంపు” అన్నాడు కుప్పయ్య. ఈసారి ఆ చివరి ‘న్’ ఆమెకు వినపడింది. ముక్కులోంచి సన్నగా వచ్చింది. ఇన్నాళ్ళూ వస్తూనే ఉందేమో.

“సుదా అంటి గదయ్యా.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. కాదు, కాదు అన్నట్టు. పనిచేసే ఎడమచేయి దుప్పటిలోంచి మెల్లగా లేచింది. ఆమెను దాటి, ఆమె భుజం మీదుగా, గడప వైపు చూపింది. రెండు నెలల్లో మొదటిసారి మూడో మాట పలికాడు.

“మునీ.”

గంగులమ్మ వెనక్కి తిరిగింది. గడప మీద కొడుకు నిలబడి ఉన్నాడు. వాడి వెనక రాజారత్నం. ఆయనకు కూడా అప్పుడే తెలిసినట్టుంది, నోరు తెరుచుకుని మునికుమార్ వీపు వైపు చూస్తున్నాడు.

“అంపున్” అన్నాడు కుప్పయ్య మళ్ళీ. “మునీ... అంపున్.”

మోపెడ్ తోలడం రాని మనిషి ట్రాక్టరు సీట్లో ఎందుకు కూర్చుని దిగనన్నాడో, నాలుగు నెలలకే కొడుకు ఏ జ్వరంతో పారిపోయి వచ్చాడో గంగులమ్మకు తెలిసిపోయింది. ఆయన యాభై రోజులుగా మన్నించమని అడిగింది తనకోసం కాదు. ఎనిమిది నెలలు లోపల ఉండి, ఆరేళ్ళు ఎవరి బుట్టో వీపున మోసి, ఆఖరికి మాటలన్నీ పోయినా ఈ ఒక్క మాట పట్టుకుని ఇంత దూరం వచ్చింది, వీడిని మన్నించమని తల్లిని అడగడానికి. వీడు ఆ మాట అర్థం తెలిసీ పక్కగదిలో కూర్చుని విన్నాడు.

మునికుమార్ గడప మీదే కూలబడ్డాడు. “నాయనా” అన్నాడు. ఆరేళ్ళలో ఆ పిలుపు అదే మొదటిసారి.

గంగులమ్మ పెనిమిటిని జాగ్రత్తగా దిండుకు ఆనించింది. లేచి వంటింట్లోకి పోయింది. గిన్నెలో ఇంకా ఒక గ్లాసుడు చేదు మిగిలి ఉంది. దాన్ని మడ్డితో సహా గ్లాసులోకి వంచింది. పక్కనే తీపి గిన్నె ఉంది, దాని మీద మూత పెట్టింది. వచ్చి కొడుకు ముందు, గడప మీద, చేదు గ్లాసు పెట్టింది.

“తాగు” అంది. “తాగి, ఆ పొద్దు ఏం జరిగిందో నీ నోటితో సెప్పు. తీపి ఇచ్చేదీ లేనిదీ అప్పుడు సూస్తాను.”